మందును ఎదిరించు కాన్సరు కణములు

కాన్సరుకు వాడు మందులు పెక్కు మొదట చక్కగా పనిచేయును. కణితి కరగును, రక్తములోని చెడు కణములు తగ్గును. కాని చాలమందిలో కొంతకాలమునకు వ్యాధి తిరుగబెట్టును. ఈసారి అదే మందును అదే మోతాదులో ఇచ్చినను గుణము కనిపించదు. మందు మారలేదు; రోగియు మారలేదు. మరి మారినదేమి? ఈ ప్రశ్నకు సమాధానము చాలవరకు ప్రయోగశాలలో, గాజుపాత్రలలోను ఎలుకలలోను పెంచిన కణములనుండి లభించినది. నేటి చికిత్సావిధానమునకు ఆ సమాధానమే పునాది.

విటమిను – దాని మారువేషము

ఆకుకూరలలో ఫోలికామ్లమను విటమిను కలదు. 1941లో దీనిని పాలకూరనుండి వేరుచేసిరి. రక్తకణములు తయారగుటకు ఇది అవసరము. 1895లో భీమవరమునందు జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు 1940లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, అచటి పరిశోధనలకు నాయకత్వము వహించిరి. వారి బృందము ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసినది. తరువాత దానిని పోలిన పదార్థములను కూడ తయారుచేసినది. వానిలో అమినోప్టెరిన్ ఒకటి. ఫోలికామ్లములో ఒక హైడ్రాక్సిల్ సమూహమున్న చోట దీనియందు అమైనో సమూహముండును. తేడా అంతమాత్రమే.

బోస్టను నగరమునందలి పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు 1947 చివర ఈ పదార్థమును ల్యుకీమియా సోకిన పిల్లలకు ఇచ్చి చూచెను. ల్యుకీమియా రక్తమునకు సంబంధించిన కాన్సరు. ఇందు పరిపక్వము కాని తెల్లకణములు అదుపు లేక పెరుగును. 1948 జూన్‌లో ప్రకటితమైన ఫలితములనుబట్టి, మందు పుచ్చుకొన్న 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనిపించెను. ఆ కాలమున ఇది అపూర్వ విజయము. అయినను ఆ గుణము కొద్ది నెలలే నిలిచెను. వ్యాధి మరల వచ్చెను, మందు ఓడిపోయెను. సుబ్బారావుగారు ఆ సంవత్సరము ఆగస్టులోనే మరణించిరి. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు వంటి మెథొట్రెక్సేట్ త్వరలోనే దాని స్థానమును ఆక్రమించి, నేటికిని వాడుకలో నున్నది.

తాళములో ఇరుక్కున్న తప్పుచెవి

కణము రెండుగా చీలుటకు ముందు తన డి.ఎన్.ఏ.కు నకలు తీయవలెను. ఆ పనికి కావలసిన ముడిసరుకులలో థైమిడీన్ ఒకటి. దానిని తయారుచేయుటకు ఫోలికామ్లము తోడ్పడవలెను. అయితే ఫోలికామ్లము ఉన్నదున్నట్లు పనికిరాదు. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అను ఎంజైము దానికి హైడ్రోజనును చేర్చి పనికి సిద్ధము చేయును.

ఎంజైమును తాళమనుకొన్నచో, ఫోలికామ్లము దాని తాళపుచెవి. మెథొట్రెక్సేట్ అదే ఆకారము గల తప్పుచెవి. అది తాళములో దూరును గాని తిరుగదు, గట్టిగా ఇరుక్కొనిపోవును. అసలు చెవికి చోటు చిక్కదు. థైమిడీన్ తయారుకాక, విభజనకు సిద్ధపడిన కణము చచ్చును. ఎముకలలోని మూలుగయందును, ప్రేగుల లోపలి పొరయందును వేగముగా విభజన చెందు మంచి కణములకు కూడ ఈ హాని తప్పదు. అందుచేతనే మోతాదును ఇష్టమువచ్చినట్లు పెంచుటకు వీలులేదు.

పళ్లెములో పరీక్ష

ఒక మందు కణములపై ఎట్లు పనిచేయుచున్నదో ప్రయోగశాలలో ఎట్లు కొలుతురు? అరచేతిలో ఇముడు ప్లాస్టిక్ పళ్లెములో 96 చిన్న గుంటలుండును. ఒక్కొక్క గుంటలో కొన్నివేల కణములను, వానికి ఆహారమైన గ్లూకోజు, అమైనో ఆమ్లములు, లవణములు, విటమినులు గల ద్రవమును పోయుదురు. ఒక వరుసకు మందు లేదు. తరువాతి వరుసలకు క్రమముగా హెచ్చు గాఢతలో మందు కలుపుదురు. పళ్లెమును 37 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో రెండు మూడు దినములుంచుదురు. పిమ్మట ఎం.టి.టి. అను పసుపుపచ్చని పదార్థమును కలుపుదురు. 1983లో వెలువడిన ఈ పద్ధతిలో, బ్రతికియున్న కణములు ఆ పసుపును ఊదారంగుగా మార్చును, చచ్చినవి మార్చజాలవు. రంగు ఎంత చిక్కనైన, బ్రతికిన కణములు అంత ఎక్కువ.

ఈ కొలతలతో గ్రాఫు గీచి, కణముల సంఖ్యను సగమునకు తగ్గించు గాఢతను గుర్తింతురు. ఒక జాతి కణములకు ఈ విలువ 1 అయి, అదే జాతిలో మందునకు అలవాటుపడిన కణములకు 100 అయినచో, రెండవవి నూరు రెట్లు నిరోధము కలవని అర్థము.

ముందే ఉన్నవా, మందువలన పుట్టినవా?

పైన ‘అలవాటుపడిన’ అను మాట వాడితిమి. ఇది నిజముగా అలవాటేనా? మందు తగిలిన పిమ్మట కణములు దానిని ఎదుర్కొను ఉపాయమును నేర్చుకొనునా? లేక ఎదిరింపగల కణములు కొన్ని మొదటినుండియు గుంపులో కలిసియున్నవా?

1943లో లూరియా, డెల్‌బ్రుక్ అను శాస్త్రజ్ఞులు బాక్టీరియాపై ఒక తెలివైన పరీక్ష చేసిరి. దాని ఆధారము సులభము. కొద్ది కణములతో మొదలుపెట్టి, వేరువేరు పాత్రలలో విడివిడిగా వానిని పెంచవలెను. చివర అన్నిటికిని ఒకేసారి, బాక్టీరియాను చంపు వైరసును తగిలింపవలెను. నిరోధము వైరసువలననే పుట్టినచో, అన్ని పాత్రలలోను బ్రతికినవాని సంఖ్య సుమారు సమానముగా నుండవలెను. అది అంతకుముందే అక్కడక్కడ యాదృచ్ఛికముగా పుట్టినచో, పెరుగుదల తొలిదశలోనే పుట్టిన పాత్రలో దాని సంతతి విస్తారముగా నుండును, ఆలస్యముగా పుట్టినచోట కొద్దిగా నుండును, పుట్టనిచోట శూన్యము. ఫలితము రెండవ విధముగనే వచ్చెను. 1952లో లాయిడ్ లా అను శాస్త్రజ్ఞుడు ఈ విధానమునే ఎలుకల ల్యుకీమియా కణములకు అన్వయించి, ఫోలికామ్ల విరోధులను తట్టుకొను కణములు మందుకు ముందే ఉత్పరివర్తనమువలన పుట్టుచున్నవని చూపెను.

అనగా మందు నిరోధమును నేర్పుట లేదు, ఏరుచున్నది. చేనిలో ఒకే పురుగుమందును పదేపదే చల్లినచో, దానిని తట్టుకొను పురుగులే మిగిలి పెరుగుట రైతులకు తెలిసినదే. డార్విన్ చెప్పిన ప్రకృతివరణము గాజుపాత్రలో కొద్ది నెలలలోనే జరిగిపోవుచున్నది.

తాళములను పెంచిన కణములు

ఎదిరించు కణములలో ఏమి మారియుండును? 1978లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునందు రాబర్ట్ షింకే బృందము దీనికి ఒక వింత సమాధానము కనుగొన్నది. మెథొట్రెక్సేట్ గాఢతను మెల్లమెల్లగా పెంచుచు ఎలుక కాన్సరు కణములను వారు పరీక్షించిరి. మిగిలిన కణములలో ఆ ఎంజైము సుమారు 200 రెట్లున్నది. దానిని తయారుచేయు జన్యువు ప్రతులు కూడ ఇంచుమించు అన్ని రెట్లు పెరిగియున్నవి. తప్పుచెవులు కొన్ని తాళములను పాడుచేసినను, మిగిలిన తాళములు కణమును బ్రతికించుటకు చాలును. కొన్ని కణములలో ఈ అదనపు ప్రతులు క్రోమోసోమునకు అంటక విడిగా నుండును. మందు మానివేసినచో కొన్ని తరములలో అవి క్రమముగా జారిపోవును.

వేరొక ఉపాయము 1976లోనే బయటపడెను. కెనడాలో జూలియానో, లింగ్ అను పరిశోధకులు మందును తట్టుకొను హామ్‌స్టర్ కణముల పైపొరలో ఒక ప్రోటీనును గుర్తించిరి. అది లోనికి వచ్చిన మందును బయటకు తోడివేయు పంపు అని తరువాత తేలినది. ఈ పంపు ఒక్క మందుతో ఆగక, వేరువేరు నిర్మాణములు గల మందులను కూడ తోడివేయును.

లెక్క నేర్పిన పాఠము

1964లో హోవర్డ్ స్కిప్పర్ బృందము ఎలుకల ల్యుకీమియాపై చేసిన పరిశోధనలు రెండు సంగతులు చెప్పినవి. ఒక్క కణము మిగిలినను అది పెరిగి ఎలుకను చంపగలదు. ఒక మోతాదు నిర్ణీత సంఖ్యలో గాక, నిర్ణీత నిష్పత్తిలో కణములను చంపును. మోతాదుకు 99.9 శాతము చచ్చుననుకొందము. 100 కోట్ల కణములు మొదటి మోతాదుతో 10 లక్షలకు, రెండవదానితో వెయ్యికి, మూడవదానితో ఒకటికి తగ్గును. కావున రోగి కోలుకొన్నట్లు కనిపించినను చికిత్సను ఆపరాదు.

దీనికి నిరోధమును చేర్చి చూతము. ఒక మందును ఎదిరించు కణము 10 లక్షలలో ఒకటి యనుకొందము. 100 కోట్లలో అట్టివి వెయ్యి యుండును. వేరు మార్గమున పనిచేయు రెండవ మందును ఎదిరించునదియు 10 లక్షలలో ఒకటియే అయినచో, రెండింటిని ఒక్కటే ఎదిరించు అవకాశము లక్ష కోట్లలో ఒకటి. అట్టి కణము ఆ గుంపులో లేకపోవుటయే ఎక్కువ సంభవము. అయితే పైన చెప్పిన పంపు వంటిది ఉన్నప్పుడు ఈ లెక్క తప్పును. ఒకే మార్పు రెండు మందులను ఓడించును. అందుచేత మందుల ఎంపికలో మెలకువ కావలెను.

1960ల ఆరంభమున అమెరికా జాతీయ కాన్సరు సంస్థలో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ అను వైద్యులు వేరువేరు విధముల పనిచేయు నాలుగు మందులను ల్యుకీమియా పిల్లలకు కలిపి ఇచ్చిరి. అందు మెథొట్రెక్సేట్ ఒకటి. ఆ మార్గము క్రమముగా మెరుగుపడెను. నేడు వైద్యసౌకర్యములు చక్కగా నున్న దేశములలో, పిల్లలకు ఎక్కువగా వచ్చు ల్యుకీమియా సోకినవారిలో నూటికి సుమారు 90 మంది బ్రతుకుచున్నారు. మందు ఒంటరిగా ఓడిపోయినచోటనే ఇతర మందులతో కలిసి గెలిచినది.

పళ్లెము వేరు, దేహము వేరు

పళ్లెములో కణములను చంపినదెల్ల మందు కాజాలదు. దేహములో కాలేయము మందును మార్చివేయును. మూత్రపిండములు బయటకు పంపును. కణితి లోపలి భాగమునకు అది చేరకపోవచ్చును. మరియొక చిక్కు 2010లో బోస్టనులో తేలినది. ఊపిరితిత్తుల కాన్సరు కణములకు తీవ్రమైన మోతాదులో మందు ఇచ్చినను, వెయ్యింటికి సుమారు మూడు కణములు ఉత్పరివర్తనము లేకుండగనే, పెరుగుదలను ఆపుకొని బ్రతికియుండెను. మందు తీసివేసినపుడు అవి మరల పెరిగి, మరల మందునకు లొంగినవి. నిరోధమంతయు జన్యువుల మార్పువలననే రాదని దీనినిబట్టి తెలియుచున్నది.

కాన్సరు కణములు అన్నియు ఒక్కతీరున నుండవు. ప్రతి గుంపులోను కొన్ని భిన్నమైనవి యుండును. మందు వానిని ఏరి బయటపెట్టును. చికిత్సకు ముందే ఆ కొద్ది కణములను గుర్తించుట, అవి పెరుగకముందే వానికి తగిన మందును జతచేయుట – నేటి ప్రయోగశాలల కృషియంతయు ఈ దిశలోనే సాగుచున్నది.