పాత చిత్రాలలో మనం చూడని తండ్రి

పండుగలకు పిల్లలు, మనుమలు ఇల్లు చేరినప్పుడు మన గృహాలలో తరచుగా కనబడే దృశ్యం ఒకటున్నది. టీవీలో ఏదో పాత నలుపు తెలుపు చిత్రం వస్తూ ఉంటుంది. పిల్లలు రెండు నిమిషాలు చూసి లేచిపోతారు. పెద్దవాళ్లు మాత్రం కదలరు. కథ వారికి తెలుసు, మాటలు కంఠతా వచ్చు, ముగింపు కూడా తెలుసు. అయినా మొదటిసారి చూస్తున్నట్లే చూస్తారు. "ఎన్నిసార్లు చూస్తావు తాతయ్యా?" అని మనుమరాలు అడిగితే నవ్వి ఊరుకుంటారు.

ఆ నవ్వు వెనుక ఏమున్నదో ఈ నెల కొంచెం ఆలోచిద్దాము.

మనలో వయసు మీరిన వారికి సినిమా అనగానే డేరా టాకీసు గుర్తుకు వస్తుంది. కోతలయ్యాక ఊరి బయట డేరా వేసేవారు. నేల టిక్కెట్టు కొన్నవారు ఇసుకను కుప్పగా పోసుకొని దానిమీద కూర్చునేవారు. వెనుక బెంచీలు, ఇంకా వెనుక కుర్చీలు. ప్రొజెక్టరు ఒక్కటే కనుక రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. 1977లో హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైన తరువాత, టీవీ ఉన్న ఒక్క ఇంటిముందు వీధివారంతా చేరి వారానికొక తెలుగు చిత్రం చూసిన రోజులు వచ్చాయి. ఆ తరువాత అద్దె వీడియో క్యాసెట్లు, కేబులు టీవీ. నేడు అవే చిత్రాలు చేతిలోని ఫోనులోకే వచ్చాయి.

సినిమా విషయంలో మన సంఘాలలో పెద్దలకు అభ్యంతరం ఉండేది. డేరా దగ్గర కనబడిన యౌవనస్థుని ఆరాధన ముగిశాక పక్కకు పిలిచి మందలించిన పాస్టరుగార్లు ఉన్నారు. వారి భయానికి ఆధారం లేదని మేము అనము. చూడదగనివి ఆనాడూ ఉన్నాయి, నేడు మరీ ఎక్కువ. అయితే 1978లో ‘కరుణామయుడు’ వచ్చినప్పుడు ఆ పెద్దలలోనే అనేకులు కుటుంబసమేతంగా వెళ్లి చూశారు. మంచి చిత్రం మనిషిని ఆలోచింపజేస్తుందని వారికీ తెలుసు. మేమిక్కడ చెప్పదలచినది అటువంటి కొన్ని చిత్రాలను గురించే.

ఒకే కథ, వేర్వేరు వయసులు

లూకా సువార్త 15వ అధ్యాయములోని తప్పిపోయిన కుమారుని కథ మనలో ఎవరికి తెలియదు? సండేస్కూలులో విన్నప్పుడు మనకు పందులు, పొట్టు గుర్తుండిపోయాయి. యౌవనంలో చిన్న కుమారుని చూశాము. సంసార బాధ్యతలు మీద పడి, చేసిన చాకిరికి గుర్తింపు లేదనిపించిన రోజున పెద్ద కుమారుని కోపం మనకు అర్థమైంది. ఇంకొంత వయసు వచ్చి, మన పిల్లలే దూరదేశాలకు వెళ్లాక, దూరాన ఉండగానే కుమారుని గుర్తుపట్టిన ఆ తండ్రి కనబడ్డాడు. వాక్యంలో ఒక్క అక్షరమూ మారలేదు. మన నిలబడిన చోటు మారింది.

మంచి పాత చిత్రాలు కూడా కొంతవరకు ఇటువంటివే. దీనికి ఉదాహరణగా ఒకే నటుడు తండ్రిగా నటించిన మూడు చిత్రాలను తీసుకుందాము. ఆ నటుడు ఎస్.వి. రంగారావుగారు. 1918లో నూజివీడులో జన్మించి 1974లో మరణించారు. ఘటోత్కచునిగా, మాంత్రికునిగా ఆయనను చిన్నప్పుడు చూసి భయపడ్డాము, కేకలు వేశాము. ఆయన తండ్రిగా కూర్చున్న సన్నివేశాలలో మాత్రం మన కళ్లు ఎక్కువసేపు నిలువలేదు.

పరువు నిలబెట్టుకున్న తండ్రి

మొదటిది 1953లో వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వంలో వచ్చిన ‘దేవదాసు’. శరత్‌బాబు బెంగాలీ నవల దీనికి మూలం. జమీందారు బిడ్డ దేవదాసు, పొరుగింటి పార్వతి చిన్ననాటినుండి ఒకరికొకరు. అంతస్తు చాలదని జమీందారు ఆ సంబంధం కాదంటాడు. పార్వతిని ఎదిగిన పిల్లలున్న పెద్దవయసు జమీందారుకిచ్చి పెళ్లి చేస్తారు. దేవదాసు తాగుడుకు బానిసై, చివరికి ఆమె ఇంటి ముంగిట ప్రాణం విడుస్తాడు.

ఇరవై ఏళ్ల వయసులో చూసినవారికి ఇది ప్రేమకథ. అక్కినేని నాగేశ్వరరావుగారి వాలిన కళ్లు, సావిత్రిగారి మౌనం, ఘంటసాలగారి గొంతు - అంతే గుర్తు. ప్రేమలో ఓడినవానిని ఇప్పటికీ ‘దేవదాసు’ అనే పిలుస్తారు. ఆ పిలుపులో జాలి ఉంటుంది, కాస్త మెచ్చుకోలు కూడా ఉంటుంది.

యాభై దాటి మళ్లీ చూడండి. కథంతా ఆ తండ్రి అన్న ఒక్క ‘కాదు’ మీద నిలబడి ఉన్నది. ఆయన దుర్మార్గుడు కాడు. కొడుకును చదివించాడు, బాగుపడాలని కోరాడు. ఊరు ఏమంటుందో, వంశం పరువు ఏమవుతుందో అని మాత్రమే చూశాడు. పరువు నిలిచింది, కొడుకు మిగలలేదు. అంతస్తు చూసి, కులం చూసి, కట్నం చూసి సంబంధాలు వదులుకునే ఇళ్లు మన సంఘాలలో లేవా? పెళ్లిమాటల నాడు మన వసారాలలో వినబడే మాటలే ఆయన నోట వినబడతాయి.

తాగుడు సంగతీ అంతే. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా పల్లెల్లో మొదలై రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం మనకు తెలిసినదే. 1993లో సారా అమ్మకం నిషేధించే వరకు ఆ తల్లులు పోరాడారు. కూలిడబ్బు సారా అంగడిపాలై, పస్తులతో పిల్లలను పడుకోబెట్టిన తల్లి ‘దేవదాసు’ చూస్తే ఆమెకు సీసాలో ప్రేమ కనబడదు. ఒక కుటుంబం పోవడం కనబడుతుంది. చిత్రంలో అది మొదటినుండీ ఉన్నదే. చూడటానికి జీవితానుభవం కావలసివచ్చింది.

బిడ్డకోసం ఎదురుచూసిన తండ్రి

రెండవది 1955 జనవరిలో విడుదలైన ‘మిస్సమ్మ’. విజయా సంస్థ తీసినది, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్‌గారు. మన పాఠకులకు ఈ చిత్రంతో ఒక ప్రత్యేకమైన దగ్గరతనం ఉన్నది. కథానాయిక మేరీ క్రైస్తవ గృహంలో పెరిగి పట్టభద్రురాలై, పెంచిన తండ్రి చేసిన అప్పు తీర్చడానికి ఉద్యోగం వెదుక్కునే యువతి. ఆమె పాడే ప్రార్థనగీతాన్నిబట్టి అది కతోలిక కుటుంబమని తెలుస్తుంది. తెలుగు తెరమీద ఇటువంటి అమ్మాయి కథానాయిక కావడం ఆ రోజులలో అరుదు.

బడిలో ఉపాధ్యాయులుగా భార్యాభర్తలే కావాలన్న ప్రకటన చూసి, ఎన్.టి. రామారావుగారు ధరించిన రావు, సావిత్రిగారు ధరించిన మేరీ దంపతులమని చెప్పి ఆ ఊరు చేరతారు. వారి కీచులాటలు, నాగేశ్వరరావుగారి డిటెక్టివు వేషాలు, రేలంగి, రమణారెడ్డిగార్ల హాస్యం - చిన్నవయసులో వీటికే నవ్వి నవ్వి అలసిపోయాము.

ఆ బడి ఎందుకు పెట్టారో ఎంతమందికి గుర్తున్నది? చిన్నతనంలో తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి పేరిట జమీందారు పెట్టిన బడి అది. ఆ జమీందారు రంగారావుగారు, భార్యగా ఋష్యేంద్రమణిగారు. వారింటికి ఉద్యోగానికి వచ్చిన మేరీయే ఆ తప్పిపోయిన బిడ్డ. మొదటిసారి చూసేవారికి ఇది చివరిదాకా తేలని చిక్కు. రెండవసారి చూసేవారికి మొదటినుండీ తెలుసు. అప్పుడు చిత్రమే వేరుగా కనబడుతుంది. ఆ దంపతులు కొత్త పంతులమ్మను ఆదరించిన ప్రతిసారీ మన గొంతు పట్టేస్తుంది. ఎదుట నిలిచినది తమ బిడ్డేనని వారికి తెలియదు, మనకు తెలుసు.

ఇంకొక తండ్రి కూడా ఉన్నాడు. మేరీని పెంచిన పాల్. దొరికిన పసిబిడ్డను సొంతబిడ్డగా సాకి, తాహతుకు మించి అప్పుచేసి బి.ఏ. చదివించినవాడు. కథ సుఖాంతమై అందరూ నవ్వుతున్నవేళ, కన్నవారికి బిడ్డ దొరికిన ఆ ఆనందంలో పెంచినవారి మనసు ఎలా ఉండి ఉంటుంది? నవ్వులాట మధ్యలో ఈ ప్రశ్న యౌవనంలో తోచదు. ఆడపిల్లను అత్తవారింటికి పంపిన తండ్రికి, అక్క బిడ్డను తెచ్చి పెంచిన పిన్నికి, హాస్టలు పిల్లలను సొంతవారిగా చూసుకున్న వార్డెనమ్మకు అడగకుండానే తోస్తుంది.

గుండమ్మ ఎందుకలా ఉన్నది?

మూడవది 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’. దర్శకుడు కమలాకర కామేశ్వరరావుగారు. రామారావుగారికి ఇది నూరవ చిత్రం. ఇందులో రంగారావుగారు ఇద్దరు కొడుకుల తండ్రి. కోడళ్లను తెచ్చుకోవడంలో ఆస్తికంటే గుణానికి విలువనిచ్చి, ఉపాయంతో రెండిళ్లను చక్కదిద్దే తండ్రి. దేవదాసు తండ్రిని చూసిన మరునాడు ఈ తండ్రిని చూస్తే, పెద్దరికం ఒక ఇంటిని ఎలా కూల్చగలదో, ఇంకొక ఇంటిని ఎలా నిలబెట్టగలదో తెలిసివస్తుంది.

ఈ చిత్రానికి కథానాయకుల పేరు పెట్టలేదు, కథానాయికల పేరూ పెట్టలేదు. గయ్యాళి అని ముద్రపడిన ఒక విధవరాలి పేరు పెట్టారు. సూర్యకాంతంగారి గుండమ్మను చూసి పిల్లలు నవ్వుతారు, సవతి కూతురిని పనిమనిషిని చేసినందుకు తిట్టుకుంటారు. తిట్టుకోవలసిందే. కాని భర్త పోయి, ఆస్తి చేతిలో ఉండి, పక్కన నమ్మదగిన మగదిక్కు లేక, ఎవరు ఎటునుండి దోచుకుంటారో అని నిద్రపట్టని స్త్రీ గొంతు ఎలా ఉంటుందో మన పల్లెల్లోని తల్లులకు తెలుసు. ఆమె నోరు ఆమెకు గొళ్లెం. అందుచేతనే, చివరలో ఆమె దిక్కులేనిదైనప్పుడు ఆదుకోవడానికి వచ్చినది ఆ సవతి కూతురే కావడం పెద్దవయసులో చూసేవారిని కదిలిస్తుంది. క్షమించడమంటే ఏమిటో ఒక్క ప్రసంగ వాక్యం లేకుండా అక్కడ కనబడుతుంది.

వారికంటే మనమే పెద్ద

ఇంకొక విషయం లెక్కవేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. దేవదాసు తండ్రిగా నటించేనాటికి రంగారావుగారికి ముప్పై అయిదేళ్లు నిండలేదు. కొడుకుగా నటించిన నాగేశ్వరరావుగారికంటే అయిదారేళ్లు మాత్రమే పెద్ద. గుండమ్మగా సూర్యకాంతంగారికి నలభై నిండలేదు. ఆమె 1924లో పుట్టారు. మనం ‘ముసలివాళ్లు’ అనుకున్న ఆ మనుషులు ఈ రోజు మన చిన్న కొడుకు వయసువారు. అంత చిన్నవయసులో వారు పెద్దవారి బాధను పట్టుకొని చూపగలిగారు. దానిని గుర్తించే వయసు చూసేవారికి తరువాత వచ్చింది.

ఇలా ఎందుకు జరుగుతుంది? మొదటిసారి చూసినప్పుడు ‘తరువాత ఏమవుతుంది?’ అనే ఆత్రుత మన కళ్లను కథ వెంట లాక్కుపోతుంది. ముగింపు తెలిసినవానికి ఆ తొందర లేదు. తలుపు దగ్గర నిలబడినవారిని, మాట్లాడకుండా కూర్చున్నవారిని చూసే తీరిక దొరుకుతుంది. వయసు దానికి అనుభవాన్ని జోడిస్తుంది.

మళ్లీ చూడాలంటే చిత్రం మిగిలి ఉండాలి కదా. తెలుగులో తొలి టాకీ, 1932లో హెచ్.ఎం. రెడ్డిగారు తీసిన ‘భక్త ప్రహ్లాద’, ఈనాడు చూడటానికి దొరకదు. ఆ కాలపు ఫిల్ము సులువుగా అంటుకునే రకం. అగ్నికి ఆహుతి కాకపోతే పెట్టెలోనే చివికిపోయేది. పాత చిత్రాలను భద్రపరచడానికి పూనాలో జాతీయ ఫిల్ము భాండాగారం ఏర్పడింది 1964లో. అప్పటికే ఎన్నో పోయాయి. మిగిలినవాటిలో 1957నాటి ‘మాయాబజార్’ 2010లో రంగులద్దుకొని మళ్లీ థియేటర్లకు వచ్చినప్పుడు తాతలు, మనుమలు ఒకే వరుసలో కూర్చొని చూడగలిగారు.

మన ఇళ్లలోని పెద్దల జ్ఞాపకాలూ అంతే. అడిగితే ఉంటాయి, అడగకపోతే వారితోపాటే పోతాయి. కాబట్టి యౌవనస్థులకు మాదొక మనవి. అమ్మానాన్నలు పాత చిత్రం చూస్తున్నప్పుడు ఒక్కసారైనా పక్కన కూర్చోండి. "ఇది మొదట చూసినప్పుడు మీకు ఎవరు నచ్చారు? ఇప్పుడు ఎవరు నచ్చుతున్నారు?" అని అడగండి. సూటిగా అడిగితే చెప్పలేని సంగతులను, సినిమాలోని మనుషులమీద పెట్టి పెద్దలు చెప్పగలరు. తమ పెళ్లినాటి మాట, తండ్రితో పడిన పంతం, దూరమైన తమ్ముడు, పెంచి పంపిన బిడ్డ - ఏది బయటికి వస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

పెద్దలకూ ఒక మాట. చిత్రం చూసి కంట నీరు పెట్టుకొని, లేచి అలవాటైన కఠినత్వంలోకి వెళ్లిపోవద్దు. ఆ జమీందారు నోట ‘కాదు’ అన్న మాట విని మీ మనసు చివుక్కుమంటే, మీ ఇంటిలో మీ ‘సరే’ కోసం ఎదురుచూస్తున్న కొడుకో కూతురో ఎవరైనా ఉన్నారేమో చూడండి. ఆ చిత్రంలోని తండ్రికి తన మాటను మార్చుకునే అవకాశం లేదు. 1953లో అన్నమాటే ఎప్పటికీ అంటూ ఉంటాడు. మీకు ఆ అవకాశం ఇంకా ఉన్నది.