ఇంప్రెషనిజం: కంటికి తోచిన సత్యం

మైపాడు తీరాన వేకువవేళ నిలిచినవానిని సముద్రపు రంగేమిటని అడిగితే, తడుముకోకుండా నీలమంటాడు. అది కన్ను చెప్పిన మాట కాదు, చిన్ననాడు నేర్చిన మాట. ఆ వేళ నీరు బూడిదవన్నెలో ఉండవచ్చు. పొద్దుపొడుపు వాలిన మేర నారింజ తళుకులు విరియవచ్చు. పడవనీడలో ఊదాఛాయ తోచవచ్చు. తెలిసినదానిని పక్కకునెట్టి, ఆ క్షణాన కంటికి తోచినదానినే చిత్రించాలన్న దీక్షకు ఇంప్రెషనిజమని పేరు.

ఈ పేరు ఎగతాళిగా పుట్టినది. ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే లె హావ్ర్ రేవులోని సూర్యోదయాన్ని చిత్రించి, ‘ఇంప్రెషన్, సూర్యోదయం’ అని పేరు పెట్టాడు. 1874లో అతడూ, పిస్సారో, రెన్వార్, దెగా, బెర్త్ మొరిసో మొదలైనవారూ ప్రభుత్వ ప్రదర్శనశాలను కాదని పారిస్‌లో స్వంతంగా ప్రదర్శన జరిపారు. లూయీ లెరువా అనే విమర్శకుడు ఆ చిత్రం పేరునే పట్టుకొని అందరినీ ఇంప్రెషనిస్టులని పరిహసించాడు. ఇవి పూర్తికాని చిత్తుగీతలన్నది నాటి ఆక్షేపణ.

ఆ ఆక్షేపణ నేటికీ వినబడుతుంది. కాని ఆ సూర్యోదయచిత్రాన్ని నలుపుతెలుపులలోకి మార్చి చూడండి: సూర్యబింబం దాదాపు మాయమవుతుంది! బింబానికీ, చుట్టూ ఉన్న ఆకాశానికీ వెలుగు ఇంచుమించు సమానం, భేదమంతా రంగులోనే. ఇంతటి సున్నితమైన తూకం అజాగ్రత్తగా పనిచేసే చేతికి అలవడదు. రూవాఁ నగరపు చర్చి ముఖద్వారాన్ని అదే మోనే 1892–94 నడుమ వేర్వేరు వేళల వెలుగులలో ముప్పైకి పైగా పటాలలో చిత్రించాడు. రాయి మారలేదు, వెలుగు మారింది.

ఈ మార్పుకు ఒక చిన్న వస్తువు కూడా తోడ్పడినది. 1841లో అమెరికావాడైన జాన్ రాండ్ తగరపు గొట్టాలలో రంగు నింపే పద్ధతి కనిపెట్టాడు. అందువల్ల తైలవర్ణాలతో ఆరుబయట పనిచేయడం సులభమైంది.

సంగీతంలో దెబుస్సీకి ఇదే పేరు తగిలించారు. 1905లో వినిపించిన అతని ‘సముద్రం’ కథ చెప్పదు. స్వరాల ఛాయలతో అలల కదలికను స్ఫురింపజేస్తుంది. ఆ బిరుదు మాత్రం అతనికి నచ్చలేదు. మన భావకవులు సంధ్యను, వెన్నెలను మనోభావాలుగా పలికించారు; అయితే వారికి ప్రేరణ ప్రధానంగా ఆంగ్ల కాల్పనిక కవిత్వం. కనుక పోలిక కలదేగాని వంశం ఒకటి కాదు.

ఇట్టి చిత్రం ఎదురైతే నాలుగడుగులు వెనుకకు వేసి చూడండి. దగ్గర విడివిడిగా కనబడిన రంగుల తాకిడులు కంటిలో కలిసి వెలుగవుతాయి. చిత్రకారుడు మనకు వదలిపెట్టిన పని అదే.