చిత్రశాలలో అంగడి

2007 అక్టోబరులో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ సమకాలీన కళా ప్రదర్శనశాలలో జపాను చిత్రకారుడు తకాషి మురకామి కృతుల ప్రదర్శన ఆరంభమయినది. చిత్రాలను, శిల్పాలను తిలకిస్తూ సాగిన ప్రేక్షకులకు వాటి నడుమనే ఒక దుకాణం ఎదురయినది. ఫ్రాన్సు దేశపు లూయీ వ్యూటాన్ సంస్థవారి చేతిసంచులు అందులో నిజంగానే అమ్మకానికి ఉన్నవి! వాటిపై అలంకారం మురకామిదే. కళాలయంలో వర్తకమేమిటని విమర్శకులు కొందరు నొచ్చుకున్నారు. ప్రదర్శన శీర్షికలోనే చిత్రకారుని పేరుకు ముందు కాపీరైటు చిహ్నం నిలిపినారంటే, ఆ ఆక్షేపణను ఆయన ముందే ఊహించినాడు కాబోలు.

1962లో టోక్యోలో జన్మించిన మురకామి సంప్రదాయమెరుగనివాడు కాడు. ఖనిజ వర్ణాలతో, జిగురుతో, బంగారు రేకులతో చిత్రించే 'నిహొంగ' పద్ధతిని టోక్యో జాతీయ లలితకళా విశ్వవిద్యాలయంలో అభ్యసించి, 1993లో డాక్టరు పట్టం పొందినాడు. 2000లో 'సూపర్‌ఫ్లాట్' అనే సిద్ధాంతాన్ని ప్రతిపాదించినాడు. పాశ్చాత్య చిత్రాలలోవలె లోతును, దూరాన్ని భ్రమింపజేసే యత్నం పూర్వపు జపాను చిత్రాలలో అంతగా కనిపించదు. రంగులన్నీ ఒకే తలంపై పరచుకొని ఉంటవి. నేటి బొమ్మల సినిమాలలోనూ అదే లక్షణమున్నదని ఆయన వాదం. తలం చదునైనట్లే, ఉన్నత కళ, బజారు కళ అనే మిట్టపల్లాలు కూడా తమ దేశంలో చదునైనవని ఆయన అభిప్రాయం.

ఈ మాటకు చరిత్రలో ఆధారం లేకపోలేదు. 'లలితకళ' అనే అర్థంలో జపానువారు వాడే 'బిజుత్సు' అనే పదమే 1873 నాటి వియన్నా అంతర్జాతీయ ప్రదర్శన సందర్భంలో పుట్టినది. అంతకు పూర్వం ఈ గోడ ఎక్కడ? 1658లో క్యోటోలో వస్త్రవర్తకుల ఇంట పుట్టిన ఒగాటా కోరిన్, బంగారు తెరలపై నీలి ఐరిస్ పూలు చిత్రించిన చేతితోనే ఒక పట్టు అంగీపై శరత్కాలపు పూలు, గడ్డిపోచలు చిత్రించినాడు. ఆ రెండింటినీ ఆ దేశం నేడు నిధులుగా కాపాడుకొంటున్నది.

కాబట్టి 2002లో లూయీ వ్యూటాన్ సంస్థ రూపకల్పనాధిపతి మార్క్ జేకబ్స్ ఆహ్వానించినప్పుడు మురకామి వెనుదీయలేదు. ఎల్, వి అక్షరాలను పూలతో కూర్చి 1896లో జార్జి వ్యూటాన్ కల్పించిన చిహ్నం అప్పటివరకు ముదురు గోధుమవన్నెకు పేరుపడినది. దానిని ఆయన తెలుపు నేలపై, నలుపు నేలపై 33 రంగులలో తీర్చినాడు. 2003లో ఆ సంచులు అంగళ్లకు వచ్చి విశేషంగా అమ్ముడైనవి. అంతటితో ఆగక, ఆ వ్యాపారచిహ్నాన్నే ఆయన తన చిత్రపటాలపైకి ఎక్కించినాడు. అరువు ఇరువైపులా నడిచినదన్నమాట.

అయితే పూవును వేయిసార్లు అచ్చువేస్తే అది చివరకు ముద్రగానే మిగులుతుందన్న భయం అకారణం కాదు. మురకామి నవ్వుపూలలో పెక్కింటికి ఆ గతి పట్టిందనే చెప్పాలి. కాని 2011లో భూకంపం, సునామీ జపానును కుదిపివేసిన పిమ్మట ఆయన కుంచె మరొక దారి పట్టినది. అనేకమంది విద్యార్థుల సహాయంతో 2012లో 'ఐదువందల అర్హతులు' అనే 100 మీటర్ల పొడవైన చిత్రాన్ని రచించి, ముందుగా ఖతార్ రాజధాని దోహాలో ప్రదర్శించినాడు. అర్హతులనగా నిర్వాణమార్గాన సిద్ధిపొందిన బౌద్ధభిక్షువులు. ఇక్కడా అదే చదును తలం, అవే మెరిసే రంగులు. ముఖాలపై మాత్రం నవ్వుపూల నునుపు లేదు. ముడతలు, వార్ధక్యం, వింతచూపులు ఉన్నవి.

స్వదేశీయులకు ఆ చిత్రం 2015లో టోక్యోలోని మోరి కళా ప్రదర్శనశాలలో కనిపించినది. రంగుల సంచుల తయారీని ఫ్రెంచివారు నిలిపివేసినది కూడా ఆ సంవత్సరమే. 2025 జనవరిలో వాటిని మరల అంగడికి తెచ్చినారు.