యోగసాధన: తొలి మెట్టు నుంచి పై మెట్టుకు



2025 జూన్ 21న, అంతర్జాతీయ యోగా దినోత్సవం నాడు, విశాఖపట్నం ఆర్.కె. బీచ్ నుంచి భోగాపురం వరకు సముద్రతీరం వెంబడి లక్షలాది మంది ఆసనాలు వేశారు. ఈ దినోత్సవానికి కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ 45 నిమిషాల ఉమ్మడి అభ్యాసక్రమాన్ని రూపొందించింది. తాడాసనం, వృక్షాసనం, త్రికోణాసనం, వజ్రాసనం, భుజంగాసనం వంటివి అందులో ఉన్నాయి. శీర్షాసనం లేదు, మయూరాసనం లేదు. ఎందుకు లేవు? దీనికి సమాధానం తెలిస్తే సాధనలో ఎప్పుడు ముందుకు వెళ్ళాలో, ఎప్పుడు ఆగాలో మీకే బోధపడుతుంది.

ఇప్పుడు సెల్‌ఫోన్‌లో ఏ ఆసనమైనా అర నిమిషంలో చూడవచ్చు. ఆ అర నిమిషం వెనుక ఉన్న సంవత్సరాల అభ్యాసం మాత్రం తెర మీద కనిపించదు. చూసిన మరుసటి రోజే వేయబోయి మెడ పట్టేసినవారు, మోకాలు నొప్పి తెచ్చుకున్నవారు మీ కళాశాలలోనూ ఉండవచ్చు.

పై మెట్టు అంటే ఏమిటి?

పతంజలి చెప్పిన ఎనిమిది అంగాలలో ఆసనం మూడవది, ప్రాణాయామం నాలుగవది. ఆసనానికి ఆయన పెట్టిన నియమాలు రెండే: స్థిరంగా ఉండాలి, సుఖంగా ఉండాలి. ప్రయత్నపు బిగువు సడలినప్పుడే ఆసనం సిద్ధిస్తుందని కూడా చెప్పాడు. శరీరాన్ని ఎంత మెలి తిప్పారన్నది ఆయన లెక్కలో లేదు. 15వ శతాబ్దానికి చెందిన హఠయోగ ప్రదీపిక మరో హెచ్చరిక చేస్తుంది. సింహాన్ని, ఏనుగును, పులిని మెల్లమెల్లగా మచ్చిక చేసినట్లే శ్వాసను కూడా వశం చేసుకోవాలి, తొందరపడితే సాధకుడికే హాని అంటుంది.

ఆధునిక కాలంలో బి.కె.ఎస్. అయ్యంగార్ 1966లో వెలువరించిన ‘లైట్ ఆన్ యోగా’ గ్రంథంలో ఆసనాలకు కష్టాన్ని బట్టి 1 నుంచి 60 వరకు అంకెలు ఇచ్చారు. నిటారుగా నిలబడే తాడాసనం అంకె 1. ఆ గ్రంథం చివర ఇచ్చిన అభ్యాస ప్రణాళిక 300 వారాలది. అంటే దాదాపు ఆరు సంవత్సరాలు! ఇంత కాలం ఎందుకో శరీరశాస్త్రం చెబుతుంది.

శరీరం ఎలా అలవాటు పడుతుంది?

మన కండరాలలో కదురు ఆకారపు సూక్ష్మ గ్రాహకాలు ఉంటాయి. కండరాన్ని ఒక్క ఊపున సాగదీస్తే అవి వెన్నుపాముకు సంకేతం పంపుతాయి, కండరం తిరిగి బిగుసుకుంటుంది. పశ్చిమోత్తానాసనంలో ఊగుతూ కాలి వేళ్ళను అందుకోబోతే తొడ వెనుక కండరాలు మొరాయించేది ఇందుకే. నెమ్మదిగా వంగి, కొన్ని శ్వాసల పాటు నిలిస్తే ఆ ప్రతిఘటన తగ్గుతుంది.

మొదటి కొన్ని వారాలలో వచ్చే మార్పు చాలావరకు నాడీవ్యవస్థది. కండరాలను సమన్వయంతో వాడటం, సాగుడును ఓర్చుకోవడం అది నేర్చుకుంటుంది. కండరం బలపడటానికి మరికొంత కాలం పడుతుంది. కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువుకు, ఎముకను ఎముకకు కలిపే సంధిబంధనానికి రక్తప్రసరణ తక్కువ కాబట్టి అవి ఇంకా ఆలస్యంగా గట్టిపడతాయి. ‘నాకు వచ్చేసింది’ అని మీకు అనిపించే నాటికి మీ కీళ్ళు ఇంకా సిద్ధం కాకపోవచ్చు. గాయాలకు ఎక్కువగా తావిచ్చేది ఈ వ్యవధే.

రెండు ఉదాహరణలు

పద్మాసనం చూడండి. తుంటిది బంతిగిన్నె కీలు, అన్ని వైపులా తిరుగుతుంది. మోకాలిది ప్రధానంగా మడతబందు కీలు. తుంటి చాలినంత తిరగనప్పుడు పాదాన్ని చేతితో లాగి తొడ మీద పెడితే ఆ మెలిక మోకాలి మీద పడి, లోపలి మృదులాస్థి దెబ్బతినవచ్చు. అందుకే సుఖాసనం, తర్వాత అర్ధపద్మాసనం, ఆపైన పద్మాసనం. తుంటి గిన్నె లోతు, తొడ ఎముక వంపు మనిషికీ మనిషికీ తేడాగా ఉంటాయి. కొందరికి పద్మాసనం ఎన్నటికీ రాకపోవచ్చు. సుఖాసనంలో స్థిరంగా కూర్చోగలిగితే వారి సాధనకు లోటేమీ లేదు.

ఇక శీర్షాసనం. మెడలోని 7 వెన్నుపూసలు సాధారణంగా మోసేది సుమారు 5 కిలోల తల బరువు. శీర్షాసనంలో ఆ భారం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అనుభవం ఉన్న సాధకులలో కొలిచినప్పుడు కూడా శరీర బరువులో 40 శాతానికి మించి తల మీద పడుతున్నట్లు తేలింది. చెన్నైకి చెందిన నేత్రవైద్య పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో, శీర్షాసనంలో కంటిలోపలి పీడనం దాదాపు రెట్టింపు అయింది. కాబట్టి గ్లకోమా, అధిక రక్తపోటు, మెడ నొప్పి ఉన్నవారు దీని జోలికి వెళ్ళరాదు. మిగిలినవారు కూడా భుజాలు, నడుము బలపడ్డాకే, గురువు ఎదుటే నేర్చుకోవాలి.

శ్వాసకూ మెట్లున్నాయి

విశ్రాంతిలో మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు శ్వాసిస్తాం. మొదట సహజ శ్వాసను గమనించడం నేర్చుకోండి. తర్వాత నిశ్వాసాన్ని కొద్దిగా పొడిగించండి. నిశ్వాస సమయంలో వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె వేగం కాస్త తగ్గుతుంది. ఆపైన కుంభకం లేని నాడీశోధనం. శ్వాసను బిగపట్టే కుంభకం చాలా తర్వాతి మెట్టు. వేగంగా, లోతుగా శ్వాసిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడుకు వెళ్ళే రక్తనాళాలు సంకోచించి తల తిరుగుతుంది. దాన్ని ఏదో దివ్యానుభూతి అనుకోకండి, ఆపమని శరీరం చెబుతున్న మాట అది.

ముందుకు వెళ్ళవచ్చా?

ప్రస్తుత ఆసనాన్ని ఈ నాలుగు ప్రశ్నలతో పరీక్షించండి.

1. ఆసనంలో ఉండగా ముక్కుతో నిశ్శబ్దంగా శ్వాసించగలుగుతున్నారా?
2. అర నిమిషం నిలిచినా దవడ, నుదురు బిగుసుకోకుండా ఉన్నాయా?
3. ఆసనం నుంచి వేసినంత నెమ్మదిగా బయటికి రాగలుగుతున్నారా?
4. మరునాడు ఉదయం కీళ్ళలో నొప్పి లేకుండా ఉందా?

నాలుగింటికీ కొన్ని వారాల పాటు ‘అవును’ అని సమాధానం వస్తే తర్వాతి మెట్టు ఎక్కండి. ఒక్కదానికి ‘కాదు’ అని వచ్చినా ఉన్న మెట్టు మీదే మరికొంత కాలం ఉండండి. కండరం మధ్యలో సాగుతున్నట్లు ఉంటే ఫరవాలేదు. కీలు దగ్గర పోటు, తిమ్మిరి, మొద్దుబారడం ఉంటే వెంటనే ఆపి, తగ్గకపోతే వైద్యుణ్ణి కలవండి.

ఇక మీరే చేయదగ్గ చిన్న ప్రయోగం. ఒక నోటు పుస్తకం తీసుకోండి. రోజూ సాధనకు ముందు కూర్చుని ఒక నిమిషంలో ఎన్ని శ్వాసలో, నాడి ఎన్నిసార్లు కొట్టుకుందో రాయండి. చివర శవాసనం ముగించి కూర్చున్నాక మళ్ళీ లెక్కించండి. మూడు నెలల అంకెలను గ్రాఫుగా గీయండి. మీ పక్కన కూర్చున్న మిత్రుడి గ్రాఫు మరోలా ఉంటుంది. అతని మెట్టు అతనిది, మీ మెట్టు మీది.