ఎల్లలు దాటిన విషము, దాటవలసిన సాక్ష్యము

దేశములను వేఱుచేయు గీతలు పటములో నున్నవే గాని నేలమీదను నీటిమీదను కానరావు. మా వారు బాలురకు భూగోళము చెప్పునపుడు ఆ గీతలనే ముందుగా కంఠస్థము చేయింతురు. మాదకద్రవ్యములను దొంగతనముగా నమ్మువారి కా పాఠము అక్కఱలేదు. ఒక దేశమున పండించి, వేఱొక దేశమున వండి, మూడవదానిమీదుగా నోడకెక్కించి, నాలుగవదానిలో నమ్ముదురు. రక్షకభటుడో, తన యెల్లకడ నాగవలసినదే. దొంగకు లేని హద్దు భటున కేల యని సోదరీమణు లడుగవచ్చును. పరదేశపు భటులు మన యిల్లు సోదా చేయుటకు మన మొప్పుకొందుమా? కావున భటుడు దాటరానిచోట సమాచారమును సాక్ష్యమును దాటింపవలసియున్నది.

ఈ విషయమున ఈజిప్టుదేశపు చరిత్ర మిక్కిలి తెలిసికొనదగినది. 1920 తరువాత హెరాయిన్ అను తెల్లని పొడి యచట ప్రబలెను. కోటి నలువది లక్షల జనములో అయిదు లక్షలమంది దానికి దాసులైరని కైరో పోలీసు అధిపతి రస్సెల్ పాషా అంచనా వేసెను. ఆ అయిదు లక్షల వెనుక నెన్ని వంటయిండ్లు చల్లారినవో యెవరు లెక్కించిరి? అమ్మువారిలో పెక్కురు విదేశీయులు. ఆనాటి ప్రత్యేక హక్కులవలన వారి కాన్సలు సమ్మతిలేక పోలీసులు వారి గడప తొక్కరాదు. వారి నేరమును వారి దేశపు న్యాయస్థానమే విచారింపవలెను. అనగా దేశపుటెల్ల ఒక వీథిలోనే యింటింటికి వెలసినదన్నమాట. ఆ హక్కుల రద్దునకు 1937లో గాని మాంట్రో నగరమున ఒడంబడిక జరుగలేదు.

1929లో రస్సెల్ పాషా ఆధ్వర్యమున మాదకద్రవ్య సమాచారమునకై కైరోలో నొక కేంద్ర కార్యాలయ మేర్పడెను. చిల్లర బేరగాండ్రను పట్టుటతో తృప్తిపడక, పొడి యెచటినుండి వచ్చుచున్నదో వారు వెదకిరి. ఆధారములు కూర్చి జినీవాలో నానాజాతిసమితి సంఘము నెదుట పెట్టిరి. స్విట్జర్లండు, ఫ్రాన్సు దేశముల కర్మాగారముల గుట్టు బయటపడెను. అచట కట్టుదిట్టములు కాగా వ్యాపారము ఇస్తాంబూలునకు మరలెను. అచటను మూతపడగా బల్గేరియాకు పోయెను. ఒక కన్నము మూసినకొలది ఎలుక వేఱొకటి త్రవ్వినట్లే. అయినను, మాకు తెలియదని తప్పించుకొనుటకు ఏ ప్రభుత్వమునకును వీలులేకపోయెను. అదియే యా కార్యాలయపు ఘనత యని మా తలంపు.

ఒకరి నొక రెఱుగని ముగ్గురు చారులు ఒకే మాట చెప్పిన నమ్మవచ్చునని కౌటిల్యుడు వ్రాసెను. రాజునకది చాలును గాని న్యాయాధిపతికి చాలదు. మూటకు ముద్ర వేసిన దెవరు, అది యెవరి చేతినుండి యెవరి చేతికి పోయినది, పరీక్షించిన రసాయనశాస్త్రజ్ఞు డెవరు, ఇవన్నియు తెగని గొలుసువలె నుండవలెను. ఇట్టి సాక్ష్యమును పరస్పరము పంపుకొనుటకు 1988లో వియన్నాలో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక జరిగెను. భారతదేశము 1990లో చేరినది. వాఙ్మూలములు, సోదాలు, బ్యాంకు లెక్కలు కోరవచ్చును. బ్యాంకు రహస్యమను నెపమున నిరాకరింపరాదు. దొంగసరకును పట్టక, నిఘాతో పోనిచ్చి, అందుకొనువానిని పట్టు ఉపాయమును నిందు కలదు.

ఇదియంతయు పరదేశపు గోడు కాదు. 2021 సెప్టెంబరులో గుజరాతులోని ముంద్రా రేవున, అఫ్ఘనిస్థానమునుండి ఇరాను మీదుగా సుద్దరాళ్ళ పేర వచ్చిన రెండు కంటెయినర్లలో దాదాపు 3,000 కిలోల హెరాయిన్ దొరకెను. తెప్పించుకొన్న సంస్థ చిరునామా మన విజయవాడ!

2024 మార్చిలో విశాఖపట్టణమున వేఱు విధము జరిగినది. బ్రెజిలునుండి వచ్చిన యొక కంటెయినరును గూర్చి ఇంటర్‌పోల్ వలన వర్తమానము రాగా, సి.బి.ఐ. వారు 25,000 కిలోల ఎండు ఈస్టును పట్టిరి. అక్కడికక్కడ చేసిన పరీక్షలో మాదకద్రవ్యపు జాడ కనబడినదనిరి. తెప్పించినవారి పేరు పత్రికల కెక్కి ఊరూర తిరిగెను. నెలలు గడచిన పిదప ప్రయోగశాలవారు శోధించి, అందు మాదకద్రవ్యమే లేదని తేల్చిరి.