రైల్వే టిక్కెట్ల వెనుక కనిపించని మధ్యవర్తి

విజయవాడ రైల్వే స్టేషన్ రిజర్వేషన్ కౌంటరు వద్ద ఒక ప్రయాణికుడు ఫారం నింపి అందిస్తాడు. కలకత్తా వెళ్లి తిరిగి వచ్చేందుకు కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లో ఆయనకు ఒక బెర్తు కావాలి. అదే క్షణంలో, అదే రైలుకు, అదే తేదీకి కలకత్తాలో ఒకరు, మద్రాసులో మరొకరు బెర్తు కోరుతుంటారు. మిగిలినది ఒక్క బెర్తే. అది ముగ్గురిలో ఒక్కరికే దక్కాలి. ఇద్దరికి దక్కరాదు, ఎవరికీ దక్కక ఖాళీగా మిగిలిపోనూ రాదు. వినడానికి సామాన్యంగా తోచే ఈ నియమాన్ని దేశమంతటా ఒకే తీరున నిలబెట్టడానికి భారతీయ రైల్వేలకు సుమారు పద్నాలుగేళ్లు పట్టింది.

కంప్యూటర్లు రాకముందు ఈ లెక్క అంతా రిజిస్టర్లలో ఉండేది. ఏ రైలుకు ఆ రైలు, ఏ తేదీకి ఆ తేదీ వేర్వేరు పట్టికలు. పుస్తకం ఎవరి ముందు ఉంటే ఆ గుమాస్తాయే బెర్తు ఇవ్వగలడు కనుక ఒక్కో రైలుకు ఒక్కో వరుస తప్పేది కాదు. తిరుగు ప్రయాణానికి రిజర్వేషన్ కావాలంటే రైలు బయలుదేరే స్టేషన్‌కు టెలిగ్రాం పంపి, జవాబు కోసం ఎదురుచూడవలసి వచ్చేది. జవాబు రాకుండానే ప్రయాణం మొదలుపెట్టినవారు ఎందరో. ఈ అనిశ్చితిలోనే దళారులకు చోటు దొరికింది.

ఐదు ద్వీపాలు

1985లో న్యూఢిల్లీలో ప్రయోగాత్మకంగా కంప్యూటర్ రిజర్వేషన్ ప్రారంభమైంది. అప్పటి ప్రభుత్వ రంగ సంస్థ సి.ఎం.సి. రూపొందించిన ఈ వ్యవస్థకు ‘ఇంప్రెస్’ అని పేరు. దీని రాకతో ఏ కౌంటరులోనైనా ఏ రైలుకైనా టిక్కెట్టు కొనే వీలు కలిగింది. అనంతరం బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్‌లలోనూ ఇటువంటి కేంద్రాలు ఏర్పడ్డాయి.

అయితే ఒక లోటు మిగిలిపోయింది. ఈ ఐదు కేంద్రాలు దేనికది ఒక ద్వీపం. ఢిల్లీ నుంచి బయలుదేరే రైళ్ల లెక్క ఢిల్లీ కంప్యూటరులో, హౌరా రైళ్ల లెక్క కలకత్తా కంప్యూటరులో ఉండేది. యంత్రాలు మారినా, వేరే కేంద్రం పరిధిలోని రైలు ఎక్కవలసిన ప్రయాణికుడి అవస్థ పూర్తిగా తీరలేదు.

దీనికి పరిష్కారంగా రైల్వేల సొంత సంస్థ, రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, ‘కాన్సర్ట్’ అనే కొత్త వ్యవస్థను రూపొందించింది. క్రిస్ అనే పొట్టి పేరుతో వ్యవహరించే ఈ సంస్థ 1986లో ఏర్పడింది. కాన్సర్ట్ తొలిసారిగా అమలైనది సికింద్రాబాద్‌లో, 1994 సెప్టెంబరులో కావడం తెలుగువారికి ప్రత్యేకించి చెప్పుకోదగిన విషయం. తదుపరి మిగిలిన కేంద్రాలకు దీనిని విస్తరించి, 1999 ఏప్రిల్ నాటికి ఐదింటినీ ఒకే నెట్‌వర్క్‌గా కలిపారు.

అడిగేది ఒకరు, చేసేది వేరొకరు

కౌంటరులోని గుమాస్తా ముందున్న యంత్రం స్వయంగా ఏ నిర్ణయమూ తీసుకోదు. రైలు సంఖ్య, తేదీ, తరగతి, ప్రయాణికుల పేర్లు తీసుకుని ఒక అభ్యర్థనగా పంపడమే దాని పని. అభ్యర్థించే ఈ పక్షాన్ని కంప్యూటర్ పరిభాషలో క్లయింట్ అంటారు. బెర్తుల లెక్కను తన వద్ద ఉంచుకుని, అభ్యర్థనను పరిశీలించి, కేటాయింపు జరిపే పక్షం సర్వర్. ఈ రెండింటి నడుమ సందేశాలను మోసే తీగలు, మోడెమ్‌లు, టెలిఫోన్ శాఖ నుంచి అద్దెకు తీసుకున్న లైన్లు కలిసి నెట్‌వర్క్ అవుతాయి.

ఇంతటితో పని పూర్తవుతుందనుకుంటే పొరపాటు. సందేశాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చడం వరకే నెట్‌వర్క్ బాధ్యత. ఉత్తరం చేరిందా అన్నది ఒక ప్రశ్న. ఉత్తరంలో కోరిన పని జరిగిందా అన్నది వేరొక ప్రశ్న. ఈ రెండవ ప్రశ్నకు పూచీ పడే సాఫ్ట్‌వేర్‌నే మిడిల్‌వేర్ అంటారు. పేరులోనే ఉన్నట్లు ఇది మధ్యవర్తి. ఇటు కౌంటరుకు, అటు లెక్కల కంప్యూటరుకు నడుమ ఉండి, ఏ అభ్యర్థన ఎవరికి చేరాలో, అది పూర్తయిందో లేదో నిర్ణయిస్తుంది.

కాన్సర్ట్‌లో ఈ పాత్రను అమెరికాకు చెందిన డిజిటల్ కంపెనీ తయారుచేసిన ‘రిలయబుల్ ట్రాన్సాక్షన్ రూటర్’ నిర్వహించింది. ఇందులో మూడు అంచెలు ఉన్నాయి. అభ్యర్థన స్వీకరించేది మొదటిది. దారి చూపేది రెండవది. పని చేసే సర్వరును అంటిపెట్టుకుని ఉండేది మూడవది. విజయవాడ కౌంటరు నుంచి వెళ్లిన అభ్యర్థన సికింద్రాబాద్ చేరుతుంది. అది హౌరా రైలుకు సంబంధించినదని గుర్తించి మిడిల్‌వేర్ దానిని కలకత్తా సర్వరుకు పంపుతుంది. ఆ దూరం గుమాస్తాకు గానీ, ప్రయాణికుడికి గానీ తెలియవలసిన అవసరం లేదు. టిక్కెట్టుపై ముద్రించే పది అంకెల పి.ఎన్.ఆర్. సంఖ్యలో మాత్రం ఆ జాడ ఉంటుంది. ఏ కేంద్రం కంప్యూటరులో ఆ లెక్క నమోదైందో మొదటి అంకెలు తెలుపుతాయి.

కరెంటు పోతే?

అసలు పరీక్ష ఆటంకం వచ్చినప్పుడే. కలకత్తా సర్వరు బెర్తు కేటాయించింది. జవాబు వచ్చే దారిలో లైను తెగిపోయింది. విజయవాడ గుమాస్తాకు ఏమీ తెలియదు. ఆయన అదే అభ్యర్థన మళ్లీ పంపితే రెండో బెర్తు కేటాయింపు కావచ్చు. పంపకపోతే, డబ్బు ఇవ్వని, టిక్కెట్టు అందని ప్రయాణికుడి పేరు మీద ఒక బెర్తు నిష్కారణంగా నిలిచిపోవచ్చు.

ఈ చిక్కును విప్పడానికి మిడిల్‌వేర్ ప్రతి లావాదేవీకీ ఒక ప్రత్యేక గుర్తింపు ఇస్తుంది. ప్రతి అడుగునూ డిస్కుపై నమోదు చేస్తుంది. అదే గుర్తింపుతో అభ్యర్థన మళ్లీ వస్తే కొత్తగా పని చేయించక, మొదటి ఫలితాన్నే తెలియజేస్తుంది. బెర్తు లెక్క ఒకచోట మారాలి, వసూలైన సొమ్ము లెక్క మరోచోట చేరాలి. రెండూ జరిగితేనే లావాదేవీ జరిగినట్లు. ఒకటి జరిగి మరొకటి జరగకపోతే రెండింటినీ రద్దు చేసి పూర్వస్థితికి తెస్తుంది. ఒక సర్వరు మొరాయిస్తే, దానితో సమానంగా లెక్కలు రాసుకుంటూ వచ్చిన జంట సర్వరు పని అందుకునే ఏర్పాటు కూడా ఇందులో ఉంది. తరచు కరెంటు పోయే, లైన్లు తెగే దేశంలో ఇంతమంది ప్రజలు కంప్యూటర్ టిక్కెట్టును నమ్మగలిగారంటే ఈ కట్టుదిట్టమే కారణం.

కౌంటరు ఇంటికి వచ్చింది

2002 ఆగస్టులో రైల్వేల అనుబంధ సంస్థ ఐ.ఆర్.సి.టి.సి. ఇంటర్నెట్ ద్వారా టిక్కెట్ల విక్రయం ప్రారంభించింది. తొలినాళ్లలో టిక్కెట్టు కొరియరులో ఇంటికి వచ్చేది. 2005 నుంచి ఇ-టిక్కెట్టు అమలైంది. నేడు రిజర్వేషన్ టిక్కెట్లలో నూటికి ఎనభైకి పైగా ఈ మార్గంలోనే అమ్ముడవుతున్నాయి. అంటే ప్రతి సెల్‌ఫోనూ ఒక క్లయింట్ అయింది.

దీంతో గొలుసులో మరో కొండి చేరింది. రైల్వే సర్వరుతో పాటు బ్యాంకు సర్వరు కూడా లావాదేవీలో భాగస్వామి అయింది. బ్యాంకుపై రైల్వే మిడిల్‌వేర్‌కు అధికారం లేదు. ఖాతాలో సొమ్ము తగ్గి టిక్కెట్టు రాకపోవడం, కొన్ని రోజుల తర్వాత ఆ సొమ్ము తిరిగి జమ కావడం అనేకమందికి అనుభవమే. రెండు సంస్థల లెక్కలు ఒకే క్షణంలో ఏకం కాలేకపోవడమే ఇందుకు ప్రధాన కారణం.

తత్కాల్ టిక్కెట్ల వేళ ఒత్తిడి పరాకాష్ఠకు చేరుతుంది. ఎ.సి. తరగతులకు ఉదయం పది గంటలకు, ఇతర తరగతులకు పదకొండు గంటలకు విక్రయం మొదలవుతుంది. 2025 మే 22న ఒకే నిమిషంలో 31,814 టిక్కెట్లు బుక్ అయ్యాయి. ఆ తొలి అయిదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాలలో సగం వరకు మనుషులవి కావని, దళారులు నడిపే ప్రోగ్రాములవని రైల్వేలు అదే ఏడాది వెల్లడించాయి. అనుమానాస్పదంగా ఉన్న రెండున్నర కోట్ల యూజర్ ఐడీలను రద్దు చేశారు. 2025 జులై 1 నుంచి ఇంటర్నెట్‌లో తత్కాల్ టిక్కెట్టుకు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. మొదటి అరగంట పాటు అధీకృత ఏజెంట్లకూ తత్కాల్ బుకింగ్ నిషిద్ధం. నిమిషానికి లక్షన్నర టిక్కెట్లు ఇవ్వగల కొత్త రిజర్వేషన్ వ్యవస్థను నిర్మిస్తున్నట్లు కూడా ఆ ఏడాదే ప్రకటించారు.

ఇక్కడే ఒక పరిమితిని గుర్తించవలసి ఉంది. వేగం పెరిగినంత మాత్రాన బెర్తులు పెరగవు. మిడిల్‌వేర్ ఎరిగినది వరుస క్రమం ఒక్కటే. ముందు వచ్చిన అభ్యర్థనను ముందు పంపుతుంది. దానిని పంపినది అనారోగ్యంతో ఉన్న తండ్రిని చూడటానికి వెళ్లే కొడుకా, లాభానికి టిక్కెట్లు పోగుచేసే దళారియా అన్నది దానికి తెలియదు. రిజిస్టర్ల కాలంలో గుమాస్తా గది గుమ్మం వద్ద నిలిచిన దళారి నేడు ప్రోగ్రాము రూపంలో వరుస మొదట నిలుస్తున్నాడు. వేగవంతమైన ఇంటర్నెట్ లేని పల్లెటూరి ప్రయాణికుడు ఆ వరుసలో చివరే ఉండిపోతున్నాడు.

ఒక బెర్తు ఒక్కరికే దక్కాలన్న నియమాన్ని కంప్యూటర్లు నిలబెట్టాయి. అది సామాన్యమైన విజయం కాదు. కానీ ఆ ఒక్కరు ఎవరై ఉండాలన్నది సాఫ్ట్‌వేర్ తేల్చగల విషయం కాదు. అందుకు తగిన నిబంధనలు చేసి, వాటిని అమలు జరిపే బాధ్యత రైల్వేలదే.