ఆదివారం ఎవరిది? - దళిత క్రైస్తవుల సంఘారాధన

సంఘారాధన ఎందుకని అడిగితే దేవుణ్ణి స్తుతించడానికని పాస్టర్లు చెప్తారు. సరే. స్తుతి ఇంట్లో ఒంటరిగానూ చేసుకోవచ్చు గదా? ఎర్రుపాలెం, మధిర వైపు మాల మాదిగ పల్లెల్లో పదిమందీ ఒకేరోజు ఒకే చాపమీద కూర్చోవాలనే పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చింది? జవాబు వేదాంతంలో కన్నా వెట్టి చరిత్రలో ఎక్కువ దొరుకుతుంది.

ఒంగోలు సీమ చూడండి. 1866లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. మరుసటేడు ఎనిమిదిమందితో అక్కడ బాప్టిస్టు సంఘం ఏర్పడింది. క్లౌ దొర పెట్టిన కట్టుబాట్లు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డును తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఇందులో మొదటిది నేరుగా ఊరిపెద్దలకే తగిలింది. పిలిస్తే పలకాల్సిన మనిషి వారానికి ఒకరోజు రానన్నాడు. జాతరకు డప్పూ కొట్టనన్నాడు. ఊరు ఊరుకోలేదు, బావి బందు, పని బందు. అంటే ఆరాధన గంట కొట్టడమంటే ఆ పూట వెట్టికి రామని చాటడమే.

మనవైపు సంగతికొస్తే, ఎర్రుపాలెంలో రైలెక్కి ఖమ్మం దాటితే డోర్నకల్. 1912 డిసెంబరులో అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య అక్కడి బిషప్పు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. ఆరాధన క్రమం ఇంగ్లండుదే అయినా పాటలకు ఆయన తెలుగు కీర్తనలనే ప్రోత్సహించాడు. అక్షరం రాని కూలీలు ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు కంఠతా పట్టారు. అయ్యగారు ఒక మాటంటే జనమంతా బదులు పలకాలి. వేదం వింటేనే తప్పన్న దేశంలో, దేవుని మాటను మనవాళ్ళు గొంతెత్తి పలకడం చిన్న సంగతి కాదు. ఈ క్రమం వట్టి వల్లింపని ఈసడించే చదువుకున్నోళ్ళు ఈ సంగతి మర్చిపోతారు.

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. 1950 నాటి దాని ప్రభురాత్రి భోజన క్రమంలో 'సమాధానం' అందించుకోవడం చేర్చారు. పక్కవారి అరచేతిని చేతుల్లోకి తీసుకుని ఇచ్చే సమాధానం అది. అంటరానివాళ్ళన్న వాళ్ళకు అంటుకోవడమే ఆరాధన అయింది. అదే ఏడు ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులను షెడ్యూల్డ్ కులాల జాబితాకు బయట పెట్టింది. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చుకున్నారు. క్రైస్తవ దళితులకు ఇక్కడ మిగిలింది బి.సి. 'సి'. 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ కేసులో, ఆమె క్రైస్తవురాలనడానికి సుప్రీంకోర్టు తీసుకున్న ఆధారాల్లో చర్చికి క్రమంగా పోవడం ఒకటి. ఇక సర్టిఫికెట్ కావాల్సిన పిల్లలు చర్చి రిజిస్టర్లో పేరు రాయించడానికి జంకరా మరి?

ఇంక డప్పు. వెట్టికి గుర్తని ఆనాడు దాన్ని వదిలారు, న్యాయమే. హార్మోనియం, తబలా, తాళాలు వచ్చాయి. కానీ 1994 జులై 7న ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలయ్యాక ఆ డప్పే ఆత్మగౌరవమైంది. ఈదుమూడి కూడా ఒంగోలు సీమే! అయినా డప్పంటే దయ్యాల కొలుపేననే పాస్టర్లు చాలామంది ఉన్నారు. క్రిస్మస్ ఊరేగింపులో అది చర్చి వాకిలిదాకా వస్తుంది. లోపలికి మాత్రం కీబోర్డు, రిథమ్ ప్యాడు పోతున్నాయి.